గోడలతో కలిసి మోగిన మూల హారన్లు

మూల హారన్ అంటే గది మూలలో, రెండు గోడలూ నేలా కలిసేచోట ఇరికించి పెట్టే స్పీకరు. చెక్కపెట్టెలో మడతలు పెట్టి దాచిన పొడవాటి గొట్టం దీని లోపలి నిర్మాణం. ఆ గొట్టం చివరి భాగం మాత్రం పెట్టెలో ఉండదు, ఇంటి గోడలే ఆ భాగం అవుతాయి. 1940ల చివరి నుంచి 1970ల దాకా అమెరికాలో, బ్రిటన్‌లో సంగీతమంటే ప్రాణం పెట్టే కుటుంబాలు కొన్ని ముందుగదిలో ఈ స్పీకర్లను నిలబెట్టుకున్నాయి. గోడకూ చెక్కకూ మధ్య సందులు ఒక్కొక్కటే మూసుకుని, కుర్చీలూ బల్లలూ వాటికి తగ్గట్టు సర్దుకున్నాయి. ఈ జాతిలో అన్నిటికన్నా పేరు మోసింది అమెరికాలో పుట్టిన క్లిప్షోర్న్.

ఇంత పెద్ద పెట్టెను మూలకే ఎందుకు నెట్టాలి? పెళ్లిపందిట్లో చెట్టుకొమ్మకు కట్టే మైకు హారన్‌లో సన్నాయి పక్క ఊరికి కూడా ఖంగున వినిపిస్తుంది. డోలు మాత్రం చప్పగా వస్తుంది. హారన్ మూతి ఎంత వెడల్పో అది పలకగలిగే మంద్రం అంత. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 344 మీటర్లు ప్రయాణిస్తుంది. సెకనుకు 40 కంపనాలున్న మంద్రస్వరానికి అల పొడవు 8.6 మీటర్లు. దాన్ని ఆరుబయట నిండుగా పలికించాలంటే హారన్ మూతి చుట్టుకొలత దాదాపు ఆ అల పొడవంత ఉండాలి. అంటే వ్యాసం రెండున్నర మీటర్లు దాటుతుంది. అది ఇంట్లో పెట్టుకునే వస్తువు కాదు.

అదే హారన్‌ను నేలకు ఆనిస్తే శబ్దం కిందికి పోయే దారి మూసుకుపోతుంది, ఉన్నదంతా పైసగంలోకే వస్తుంది. కాబట్టి సగం మూతి చాలు. ఒక గోడకు కూడా ఆనిస్తే పావు వంతు చాలు. రెండు గోడలూ నేలా కలిసే మూలలో పెడితే ఎనిమిదో వంతుతో సరిపోతుంది. ఆరు చదరపు మీటర్ల మూతి కావలసినచోట ముప్పావు చదరపు మీటరుతో పని జరుగుతుంది. గోడలు అద్దాల్లా పనిచేసి, లేని ఏడు వంతులనూ ఉన్నట్టు చూపిస్తాయి. ఈ లెక్కలో దాపరికమేమీ లేదు, గోడ గట్టిగా ఉండి, హారన్ దానికి గాలి చొరకుండా ఆని ఉంటే చాలు. ఆ రెండు షరతులే తర్వాత ఇళ్లలో ఇన్ని తంటాలకు కారణమయ్యాయి.

మూలను వాడుకోవాలన్న ఆలోచన క్లిప్షోర్న్ రూపకర్త క్లిప్ష్ ఒక్కరిదే కాదు. బ్రిటన్‌లో పాల్ వోయిట్ 1930ల్లోనే ఇళ్ల కోసం మూల హారన్ తయారుచేసి అమ్మారు. అయితే హారన్‌ను మడతలు పెట్టి, గోడలను కూడా గొట్టంలో భాగం చేసి, చివరి అంగుళం దాకా లెక్కగట్టింది పాల్ విల్బర్ క్లిప్ష్. 1904లో ఇండియానా రాష్ట్రంలో పుట్టిన ఆయన న్యూ మెక్సికోలో ఇంజనీరింగ్ చదివారు. చిలీ దేశంలో నైట్రేటు గనుల రైలుమార్గం మీద విద్యుత్ ఇంజన్లు చూసుకున్నారు. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో పై చదువు చదివి, టెక్సస్‌లో చమురు కోసం భూగర్భాన్ని శోధించే పనిలో చేరారు. చిన్న కొలతల్లో మంద్రస్వర హారన్ ఎలా కట్టవచ్చో వివరించిన ఆయన వ్యాసం 1941లో అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో వచ్చింది. పేటెంటు 1943లో చేతికందింది.

యుద్ధకాలంలో సైన్యం ఆయన్ను ఆర్కన్సా రాష్ట్రంలోని హోప్ అనే చిన్న ఊరికి పంపింది. ఫిరంగిగుండ్లు పరీక్షించే మైదానం అక్కడ ఉండేది. క్వార్టర్స్‌లో ఆయన పెట్టుకున్న మూల హారన్ విన్నవాళ్లు తమకూ ఒకటి కావాలని అడగసాగారు. యుద్ధం ముగిశాక క్లిప్ష్ ఆ ఊరు వదలలేదు. 1946లో అక్కడే సంస్థ పెట్టారు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన బిల్ క్లింటన్ అదే ఏడాది అదే ఊళ్లో పుట్టారు, అమెరికా బయట హోప్ పేరు ఎక్కువమందికి తెలిసింది ఆ విధంగా. సంగీతప్రియులకు మాత్రం అంతకు ఎన్నో ఏళ్ల ముందే తెలుసు. మైదానానికి చెందిన పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజి భవనంలో ఆ పని సాగింది, ఆ భవనం తర్వాత మ్యూజియం అయింది.

క్లిప్షోర్న్ ఎత్తు సుమారు 52 అంగుళాలు, ముందు వెడల్పు 31 అంగుళాలు, బరువు 75 కిలోలకు పైమాటే. పైభాగంలో చిన్న పెట్టె, అందులో మధ్యస్వరాలకు ఒక హారన్, తారస్వరాలకు ఇంకో చిన్న హారన్. కిందిభాగమంతా మంద్రానికే. దాన్ని పలికించే 15 అంగుళాల ఊఫర్ లోపల మూసిన గదిలో ఉంటుంది, బయటికి కనబడదు. దాని ముందున్న సన్నని చీలికలోంచి శబ్దం బయల్దేరి, పైకీ కిందికీ రెండుగా చీలి, మడతల్లో తిరిగి వెనక్కి వెళ్లి, అక్కడ మళ్లీ కుడి ఎడమలుగా విడిపోతుంది. అక్కడి నుంచి ఒకవైపు పెట్టె చెక్క, ఇంకోవైపు ఇంటి గోడ హద్దుగా, వెడల్పవుతున్న దారిలో గదిలోకి వస్తుంది. పెట్టెను తిప్పి వెనుకవైపు చూస్తే సగంలో ఆపేసిన పనిలా కనిపిస్తుంది. కార్ఖానాలో సగమే తయారవుతుంది. మిగతా సగాన్ని కొన్నవాడి ఇల్లు పూర్తిచేయాలి. సందులు మూయడాన్ని చాదస్తమని కొట్టిపారేసిన వాళ్లు ఈ ముక్క గ్రహించలేదు. అది స్పీకరు తయారీలో ఆఖరి అంకం.

కాబట్టి పని మూలను వెతకడంతో మొదలయ్యేది. మూల నుంచి రెండువైపులా నాలుగడుగుల మేర గోడకు తలుపూ కిటికీ లేకుండా, వెచ్చదనానికి పెట్టే రేడియేటరు అడ్డం రాకుండా ఉండాలి. స్టీరియో వచ్చాక ఒకే గోడకు రెండు చివరలా అలాంటి మూలలు రెండు కావలసి వచ్చింది. యుద్ధం తర్వాత అమెరికాలో లెవిట్‌టౌన్ లాంటి కాలనీల్లో కట్టిన కొత్త ఇళ్ల వైశాల్యం 750 చదరపుటడుగుల దగ్గర మొదలయ్యేది. అలాంటి ఇంటి ముందుగదిలో రెండు నిండు మూలలను స్పీకర్లకు వదిలేయడమంటే ఇంటిల్లిపాదీ ఒప్పుకోవలసిన సంగతి. ఇల్లు మారేటప్పుడు వంటగది కన్నా ముందు ముందుగది మూలలు చూసుకున్న వాళ్లున్నారు.

మూల దొరికాక దాని కోణం చూడాలి. కంటికి లంబకోణంలా కనిపించే మూల కొలిస్తే ఒకటి రెండు డిగ్రీలు తేడా రావడం మామూలే. దీనికి పాత లెక్క ఉంది. మూల నుంచి ఒక గోడ మీద మూడడుగులు, రెండో గోడ మీద నాలుగడుగులు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య దూరం కొలవాలి. సరిగ్గా ఐదడుగులు వస్తే మూల సరైనది. ఎక్కువ వస్తే మూల విచ్చుకుంది, తక్కువ వస్తే ముడుచుకుంది. తెలుగునాట మేస్త్రీలు పునాది గీతలు గీసేటప్పుడు తాడుతో చూసుకునే లెక్క కూడా ఇదే. నేలకు రసమట్టం పెట్టి చూసి, ఎటు పల్లముంటే అటు పెట్టె కింద పలుచని చెక్క చీలికలు తోసేవారు. పెట్టె కాస్త ముందుకు ఒరిగినా వెనుక పలక పైభాగం గోడను వదిలేస్తుంది. అక్కడ పుట్టే సందు కింద నిలబడి చూస్తే కనబడదు.

అన్నిటికన్నా ఎక్కువ విసిగించింది స్కర్టింగ్. అమెరికా ఇళ్లలో గోడ అడుగున మూడు నుంచి ఐదు అంగుళాల ఎత్తున, అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం మందాన చెక్కపట్టీ ఉంటుంది. స్పీకరు అడుగుభాగం దానికి తగిలి ఆగిపోతుంది, పైభాగానికీ గోడకూ మధ్య ఆ మందమంత ఖాళీ నిలువునా మిగులుతుంది. దీనికి మూడు మార్గాలుండేవి. మొదటిది, స్పీకరు నిలిచే మేరకు చెక్కపట్టీని రంపంతో కోసి తీసేయడం. పని శుభ్రంగా అవుతుంది గాని, అద్దె ఇంట్లో సాగదు. రెండోది, పెట్టె అడుగున పట్టీ పట్టేంత గంటు కోయడం. ఇలా కోసిన పెట్టెలు ఈనాటికీ అమ్మకానికి వస్తుంటాయి. ఆ గంటు చూడగానే సేకర్తలు ధర తగ్గిస్తారు, అది న్యాయమే. మూడోది, పట్టీ మందంతోనే చెక్క బద్దలు చేయించి, పట్టీ పైనుంచి స్పీకరు ఎత్తు దాకా గోడకు బిగించడం. దీంతో గోడే ముందుకు జరిగినట్టవుతుంది. ఇల్లూ చెడదు, పెట్టే చెడదు. ఓపిక ఉన్నవారు పట్టిన దారి ఇదే, మూడింటిలో మేలైనది కూడా ఇదే.

ఆ తర్వాత అసలు మూసివేత. గాలి చొరకూడని చోట్లు ప్రధానంగా రెండు. మూలలోకి దూరి నిలిచే వెనుక నిలువు పలక ఒకటి. మంద్రపు పెట్టె పైపలక, కిందిపలకల అంచులు గోడను తాకేచోటు రెండోది. తలుపుల సందుల్లో చలిగాలి రాకుండా అతికించే ఫెల్టు పట్టీలు, స్పాంజి రబ్బరు పట్టీలు ఆ ఇళ్లలో ఎలాగూ ఉండేవి కాబట్టి వాటినే ఇక్కడా వాడారు. తర్వాతి కాలంలో నీటిగొట్టాలు గడ్డకట్టకుండా తొడిగే నురగ తొడుగు ఇంకా బాగా పనికొచ్చింది. దానికి నిలువునా చీలిక ఉంటుంది. ఆ చీలికను వెనుక పలక అంచుకు తొడిగి, స్పీకరును మూలలోకి ఇద్దరు మనుషులు మెల్లగా నెడితే నురగ నలిగి గోడ వంకరలన్నిటినీ నింపేస్తుంది. మూల విచ్చుకుని ఉంటే ఒకవైపు లావు పట్టీ, ఇంకోవైపు సన్నపట్టీ. గోడకు లప్పం పెట్టి చెక్కను శాశ్వతంగా అతికించడం తెలివైన పని కాదు. లోపలి ఊఫర్‌కు ఎప్పుడైనా మరమ్మతు వస్తే పెట్టెను బయటికి లాగాల్సిందే.

మూత సరిగ్గా పడిందో లేదో చూడడానికి టార్చిలైటు చాలు. రాత్రి గదిలో దీపాలార్పేసి, ఒకరు పెట్టె పైనుంచి వెనుక అంచు వెంట టార్చి వేస్తారు, ఇంకొకరు పక్క మూతిలోంచి లోపలికి చూస్తారు. వెలుగు గీత ఎక్కడ కనిపిస్తే సందు అక్కడుంది. కొందరు పలుచని కాగితం ముక్కను అంచు వెంట జరుపుకుంటూ పోయేవారు. కాగితం దూరిందంటే గాలీ దూరుతుంది. చివరి పరీక్ష చెవిదే. ఆర్గన్ రికార్డు పెట్టి, నేలలోంచి వస్తున్నట్టుండే దీర్ఘ మంద్రస్వరం దగ్గర చేతిని అంచు వెంట జరిపితే, సందున్నచోట గాలి కొట్టుకోవడం అరచేతికి తెలుస్తుంది.

ఇంత చిన్న సందుకు అంత నష్టమా అన్న అనుమానం సహజం. హారన్ లోపల గాలి ఇరుకులో కదులుతుంది కాబట్టి పీడనం ఎక్కువ. హారన్ ఇరుకుగా మొదలయ్యే గొంతుకు దగ్గరగా ఉన్నకొద్దీ ఇంకా ఎక్కువ. చిన్న చీలిక దొరికినా నెమ్మదిగా కదిలే మంద్రపు గాలి అందులోంచి జారిపోతుంది. వేగంగా కదిలే పై స్వరాలకు ఆ చీలిక లెక్కలోకి రాదు. అందుకే సందున్న స్పీకరు పాడైనట్టు అనిపించదు. పాట స్పష్టంగానే ఉంటుంది, పునాది మాత్రం పోతుంది. క్లిప్షోర్న్‌లో బాస్ లేదని చెప్పుకున్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం మూలలోనే ఉండేది. లోపలి మూసిన గది సంగతీ అంతే. ఊఫర్‌ను చేరడానికి పక్కన ఉండే మరల తలుపు చుట్టూ గాస్కెట్ ఉంటుంది. అది ఎండిపోతే ఊఫర్ వెనుక గాలి బుగ్గ కారిపోయి, కంపిస్తూ శబ్దం పుట్టించే కోను అదుపు తప్పి ఊగుతుంది.

గోడ గట్టిదనం రెండో షరతు. అమెరికాలో చాలా ఇళ్లు చెక్క చట్రానికి జిప్సం పలకలు కొట్టినవి. బలమైన మంద్రానికి ఆ పలక తానే కదిలి కొంత శక్తిని మింగేస్తుంది. లోపలి నుంచి అదనపు చెక్క దన్నులు కొట్టించినవాళ్లు, రెండో పొర పలక వేయించినవాళ్లు ఉన్నారు. బ్రిటన్‌లో వార్ఫ్‌డేల్ సంస్థ పెట్టిన గిల్బర్ట్ బ్రిగ్స్ అసలు పెట్టెనే ఇటుకలతో మూలలో కట్టించుకోమని ఇంటివాళ్లకు సలహా ఇచ్చారు. చెక్కపలకల మధ్య పొడి ఇసుక నింపే పద్ధతినీ ఆయన ప్రచారం చేశారు. ఆ లెక్కన చూస్తే, ఇటుక మీద సిమెంటు పూత పూసిన తెలుగు ఇళ్ల గోడ మూల హారన్‌కు జిప్సం గోడకన్నా మంచి తోడు.

సరైన మూల లేనివాళ్ల కోసం దొంగమూలలు పుట్టాయి. ముప్పావు అంగుళం ప్లైవుడ్ పలకలు రెండు లంబకోణంలో బిగించి, వెనుక దన్నులు పెట్టి, స్పీకరును వాటిలో నిలబెట్టడం. గదిలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు, సందులు ముందే మూసుకుని ఉంటాయి. అయితే ఒక్కో పలక కొన్ని అడుగుల వెడల్పు లేకపోతే అట్టడుగు స్వరాలు దాని అంచు దాటి చల్లారిపోతాయి.

ఇంత కష్టం పడ్డవాళ్లకు దక్కింది తక్కువేమీ కాదు. ఒక్క వాట్ శక్తికి ఒక మీటరు దూరంలో 100 డెసిబెల్స్ దాటి పలికే స్పీకరది. మామూలు పెట్టె స్పీకర్లు 90 దగ్గర ఆగిపోతాయి. పది డెసిబెల్స్ తేడా అంటే పదిరెట్ల శక్తి. వాల్వు యాంప్లిఫయర్‌లో ప్రతి వాటూ ఖరీదైన ఆ రోజుల్లో అదే పెద్ద వరం. దేశానికి కావలసింది మంచి ఐదు వాట్ల యాంప్లిఫయర్ అని క్లిప్ష్ వాదించేవారు. శబ్దం పెద్దదవడం కన్నా ముఖ్యమైన సంగతి, కోను కదలిక చాలా తక్కువ కావడం. ఎక్కువ ఊగే కోను మంద్రంతో పాటు పై స్వరాలను కూడా ఊపి కలుషితం చేస్తుంది. ఆ కల్తీని కొలిచి చూపడం కోసం క్లిప్ష్ ఏళ్ల తరబడి పేపర్లు రాశారు.

ఆ కాలపు ఇంటి సాయంత్రాలు ఈ స్పీకర్ల చుట్టూ అల్లుకున్నాయి. 1948లో ఎల్పీ రికార్డు వచ్చింది. 1949లో న్యూయార్క్‌లో ఆడియో ఫెయిర్ మొదలైంది. 1951లో హై ఫిడెలిటీ పత్రిక వెలువడింది. ఎమరీ కుక్ రాత్రివేళ రైళ్ల చప్పుడు రికార్డు చేసి అమ్మితే జనం ఎగబడి కొన్నారు, గదిలోకి రైలు వచ్చినట్టుండేది మరి. విడిభాగాల హీత్‌కిట్ పొట్లం తెప్పించుకుని సోల్డరింగ్ ఐరన్‌తో ఇంటి యజమానే యాంప్లిఫయర్ కట్టుకునేవాడు. శనివారం రాత్రి పొరుగువాళ్లను పిలిచి కూర్చోబెట్టి రికార్డు అటుపక్క ఇటుపక్క పూర్తిగా వినడం ఆ ఇళ్లలో మర్యాద. కుర్చీల చోటును కూడా స్పీకరే నిర్ణయించేది. మూలలో ఉన్నది కాబట్టి అది 45 డిగ్రీల కోణంలోనే చూస్తుంది, తిప్పడానికి లేదు. రెండు స్పీకర్ల చూపు గీతలు కలిసేచోట, లేదా కాస్త వెనుక, సోఫా పడేది.

గది వెడల్పైతే రెండు మూలల మధ్య నడుమభాగం బోసిపోయేది. 1930ల్లో బెల్ ప్రయోగశాల చేసిన మూడు చానళ్ల ప్రయోగాలను క్లిప్ష్ శ్రద్ధగా చదివారు. రెండు చానళ్లను కలిపి నడుమ మూడో స్పీకరుకు ఇచ్చే పద్ధతి ఆయనకు నచ్చింది. ఆ నడుమ స్థానం కోసమే 1957లో హెరెసీ అనే చిన్న స్పీకరు వచ్చింది. ఆయన సిద్ధాంతానికి అది మతద్రోహమని ఎవరో అన్నమాటే దాని పేరైంది. 1963లో మూల అక్కర్లేని లా స్కాలా వచ్చింది. విన్‌త్రాప్ రాక్‌ఫెల్లర్ ఆర్కన్సా గవర్నరు ఎన్నికల ప్రచార సభలకు అది పనికొచ్చింది. దాని హారన్ పెట్టెలోనే పూర్తవుతుంది కాబట్టి గోడల సాయం అవసరం లేదు, అట్టడుగు మంద్రమూ లేదు.

ఇతర తయారీదార్లూ ఈ దారిలో నడిచారు. ఎలక్ట్రో-వాయిస్ సంస్థ పేట్రిషన్, బ్రిటన్‌లో వైటావాక్స్ సంస్థ మూల హారన్, రెండూ క్లిప్ష్ పేటెంటు లైసెన్సు మీద వచ్చినవే. టానాయ్ ఆటోగ్రాఫ్ 1953లోను, జేబీఎల్ హార్ట్స్‌ఫీల్డ్ 1954లోను వచ్చాయి. డబ్బు లేనివాళ్లు నకలు ప్లానులు సంపాదించి గరాజ్‌లో సొంతంగా కోసుకున్నారు. 1970ల్లో సియాటిల్‌లోని స్పీకర్‌ల్యాబ్ ఇదే నమూనాను కిట్‌గా అమ్మింది.

ఈ జీవనం చెదిరిపోవడానికి కారణాలు ఒకటి కాదు. 1954లో ఎడ్గార్ విల్చర్ గాలి చొరని చిన్న పెట్టెలో, లోపలి గాలినే స్ప్రింగుగా వాడుకునే ఏఆర్-1 స్పీకరు తెచ్చారు. పుస్తకాల అరలో పట్టేంత పెట్టె లోతైన మంద్రం పలికింది. శక్తి మాత్రం చాలా తాగేది. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లు వచ్చి వాట్లు చవకయ్యాక ఆ లోటూ తీరిపోయింది. 1958లో స్టీరియో రికార్డులు రావడంతో ఒక మూల ఖాళీ ఉన్నవాళ్లు రెండో మూల కోసం చిక్కుల్లో పడ్డారు. ఇళ్లూ మారాయి. గదుల మధ్య గోడలు తీసేసి ఒకే విశాలమైన హాలు చేయడం, నిలువెత్తు గాజు కిటికీలు పెట్టడం వాడుకైంది. మూలలే లేని ఇళ్లకు మూల హారన్ ఎలా వస్తుంది? టీవీ వచ్చి మిగిలిన మూల కూడా ఆక్రమించింది.

క్లిప్షోర్న్ తయారీ మాత్రం 1946 నుంచి ఆగలేదు. 2002లో పాల్ క్లిప్ష్ కన్నుమూసిన తర్వాత కూడా సాగింది. 2010ల చివర్లో వచ్చిన రూపంలో వెనుకభాగాన్ని చెక్కతోనే పూర్తిగా మూసేశారు. గోడకు అంటుకుని ఉండాల్సిన అవసరం, సందులు మూసే పని కొన్నవాళ్లకు తప్పింది. స్పీకరు పూర్తిగా కార్ఖానాలోనే తయారవుతోంది, ఇంటికి అందులో పాత్ర లేదు. సౌకర్యం పెరిగినా, గోడనూ నేలనూ కొలిచి వాద్యంలో కలుపుకున్న ఆ ఇంటి నేర్పు దీనితో పోయిందన్నది నిజం.

పాత పెట్టెలు ఇంకా చేతులు మారుతున్నాయి. యాభై అరవై ఏళ్ల కిందటి ప్లైవుడ్ గట్టిగానే ఉంటుంది. పాతబడేవి చిన్న వస్తువులే. స్పాంజి పట్టీలు జిగురుపొడిగా రాలిపోతాయి, వాటిని గీకి తీసి కొత్తవి వేయాలి. స్వరాలను విడదీసి పంచే క్రాసోవర్‌లోని కెపాసిటర్లు విలువ తప్పుతాయి. ఊఫర్ తలుపు మరలు వదులవుతాయి. రెండు స్పీకర్ల వరస సంఖ్యలు పక్కపక్కన ఉంటే జతగా అమ్ముడుపోయినవని లెక్క, వాటికి ధర ఎక్కువ పలుకుతుంది. కొనదలచినవాళ్లు పెట్టె అడుగున స్కర్టింగ్ కోసం ఎవరైనా గంటు కోశారేమో వంగి చూస్తారు. ఇంటికి తిరిగి వెళ్లి, టేపుతో మూడడుగులు, నాలుగడుగులు కొలిచి, ఐదడుగులు వచ్చాకే బేరం మాట్లాడతారు.